ఈద్ దుస్తులు, ఇంట్లోని పిల్లి: కుట్టు వృత్తి వైపు నుంచి అపోహలు - వాస్తవాలు

హైదరాబాదులో రంజాన్ నెల సగానికి వచ్చేసరికి చాలామంది దర్జీలు కొత్త ఆర్డర్లు తీసుకోవడం మానేస్తారు. ముస్లిం కుటుంబాల పండుగ దుస్తులు కుట్టే నాకు ఆ లోపు వచ్చే ఆర్డర్లలో ఈ మధ్య ఒక కొత్త కోరిక తరచుగా వినిపిస్తోంది: తల్లిదండ్రులకూ పిల్లలకూ ఒకే వరుస రంగుల్లో బట్టలు కుట్టి, వాటికి తగ్గట్టుగా ఇంట్లోని పిల్లికి కూడా ఏదైనా కుట్టి ఇవ్వమని. ఆ కోరికలో తప్పేమీ లేదు గానీ, దానితోపాటు వచ్చే అభిప్రాయాల్లో చాలావాటిని దుకాణంలోనే సరిదిద్దవలసి వస్తోంది. మతపరమైన తీర్పు చెప్పే అర్హత నాకు లేదు కాబట్టి ఆ విషయాల్లో అందరికీ తెలిసిన మేరకే రాస్తున్నాను. సందేహం ఉన్నవారు తమ మసీదు ఇమామును అడగడమే సరైన మార్గం.

అపోహ: పిల్లి ఒళ్లో కూర్చున్న బట్టలతో ఈద్ నమాజు చేయకూడదు.

వాస్తవం: ప్రవక్త మాటలనూ చేతలనూ నమోదు చేసిన హదీసు సంకలనాల్లో అబూ దావూద్, తిర్మిజీ అనే రెండింటిలో ప్రవక్త అనుచరుడు అబూ ఖతాదా ఉదంతం ఉంది. ఆయన వుజూ (నమాజుకు ముందు చేసే శుద్ధి) కోసం కోడలు కబ్షా నీళ్లు పోస్తుండగా పిల్లి వచ్చింది. అది తాగడానికి వీలుగా ఆయన పాత్రను వంచి పట్టుకుని, పిల్లి అపవిత్రం కాదనీ, మీ మధ్య తిరుగాడేవాటిలో అదొకటనీ ప్రవక్త చెప్పిన మాటను గుర్తు చేశారు. పిల్లి ఒరుసుకుని పోయినంత మాత్రాన బట్ట పనికిరాకుండా పోదనడానికి పండితులు ఈ హదీసునే చూపుతారు. రాలిన వెంట్రుకల విషయంలో మాత్రం ఇస్లాం ధర్మశాస్త్ర సంప్రదాయాల మధ్య తేడా ఉంది. హైదరాబాదులో అధిక సంఖ్యాకులు అనుసరించే హనఫీ సంప్రదాయంలో అవి శుద్ధమైనవే. నగరంలోని బార్కస్ ప్రాంతంలో యెమెన్ మూలాలున్న కుటుంబాల్లో ఎక్కువమంది అనుసరించే షాఫయీ సంప్రదాయం కొంత కఠినంగా ఉన్నా, కొద్దిపాటి వెంట్రుకలను మన్నిస్తుంది. అందువల్ల ఆర్డరు తీసుకునేటప్పుడే, నమాజుకు కట్టుకునే జత, ఇంట్లో ఫొటోలకు కట్టుకునే జత ఒకటేనా వేరువేరా అని నేను అడుగుతాను. చాలామందికి ఒకటే జత ఉంటుంది. అలాంటివారు ఈద్గా నుంచి తిరిగి వచ్చాకే పిల్లిని ఎత్తుకుంటే ఈ చర్చే అవసరం ఉండదు.

అపోహ: ముందు మనం బట్ట ఎంచుకోవాలి, తర్వాత పిల్లిని దానికి సరిపోయేలా చేయాలి.

వాస్తవం: నేను ఈ వరుసను పూర్తిగా తిరగేస్తాను. ఇంటిల్లిపాదిలో రంగు మార్చుకోలేనిది పిల్లి ఒక్కటే. కాబట్టి దాని ఒంటి రంగును ముందు రాసుకుని, మిగతావారి బట్టలను దానికి సరిపోయేలా ఎంచుకోవడం తెలివైన పని. తెల్ల పర్షియన్ పిల్లి ఉన్న ఇంట్లో తల్లి నల్ల నిదా బట్ట అబాయా (ఒళ్లంతా కప్పే వదులు పైవస్త్రం) వేసుకుంటే, మొదటి అతిథి గుమ్మం తొక్కేలోపే ఆ అబాయా మీద తెల్లటి పొర కనిపిస్తుంది. అదే తల్లి గోధుమ వన్నె గానీ లేత బూడిద రంగు గానీ వేసుకుంటే పిల్లి ఎన్నిసార్లు ఒళ్లోకి వచ్చినా తెలియదు. చారల బూడిద పిల్లికి ఆవపిండి పసుపు, పుదీనా ఆకుపచ్చ చక్కగా నప్పుతాయి. నారింజ రంగు పిల్లి ముదురు ఆకుపచ్చ పక్కన వెలిగిపోతుంది గానీ, ఆ ఆకుపచ్చ మీద దాని వెంట్రుక కూడా అంతే స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి, ముదురు రంగును దుపట్టా అంచుకు పరిమితం చేసి, కుర్తాకు మీగడ రంగు వాడమంటాను. నల్ల పిల్లి ఉన్న ఇంటి మగవారు తెల్ల కుర్తా పైజామా తప్పదంటే, జిగురు రోలరు ఒకటి దగ్గర పెట్టుకోవాలి. కొద్దిగా తడిపిన రబ్బరు తొడుగుతో తుడిచినా వెంట్రుకలు ఉండగట్టి వచ్చేస్తాయి.

రంగుతోపాటు నేతను కూడా చూడాలి. మఖ్మల్ వెంట్రుకను పట్టి ఉంచుతుంది, పాలిస్టర్ జార్జెట్ ఒరిపిడికి దాన్ని లాక్కుంటుంది, దగ్గరి నేత ఉన్న నూలు బట్ట మాత్రం ఒక్క దులుపుతో వదిలేస్తుంది. మన మంగళగిరి నూలు ఈ పనికి అతికినట్టు సరిపోతుంది. ఒళ్లంతా సాదాగా, అంచు మాత్రం జరీతో ఉండే ఆ బట్టలో కుటుంబమంతటికీ కుర్తాలు తీసి, అంచు రంగును ఒక్కొక్కరికీ మార్చితే, యూనిఫాంలా కాకుండా ఒక ఇంటివారిలా కనిపిస్తారు.

అపోహ: నిండైన దుస్తులంటే నల్లగా, మందంగా ఉండాలి.

వాస్తవం: వదులుగా ఉండడం, ఒళ్లు కనిపించకపోవడం, ఒంటి తీరు తెలియకపోవడం అనేవే కొలమానాలు; రంగు, బరువు కొలమానాలు కావు. బట్ట వెనుక చేయి పెట్టి కిటికీ వెలుతురుకు పట్టి చూస్తే, వేళ్ల ఆకారం తెలిసిందంటే దానికి అస్తరు కావాలి. ఎండాకాలపు ఈద్‌కు ఆ అస్తరు పల్చటి నూలుదై ఉండాలి, పాలిస్టర్ అస్తరు వేస్తే షీర్ ఖుర్మా వడ్డించేలోపే చెమటతో అంటుకుపోయి, ఏ ఆకారం దాచాలనుకున్నామో దాన్నే చూపిస్తుంది.

పిల్లి ఉన్న ఇంటికి కుట్టేటప్పుడు ఇంకొన్ని జాగ్రత్తలు తోడవుతాయి. నా అనుభవంలో వీటి గురించి ముందుగా అడిగేవారు దాదాపుగా లేరు. నిలబడి ఉన్నప్పుడు మణికట్టు దాకా ఉండే వెడల్పాటి చేతులు, పిల్లిని భుజం మీదికి ఎత్తుకోగానే మోచేతి దాకా జారిపోతాయి. అందుకే మణికట్టు దగ్గర చిన్న పట్టీ వేసి గుండీ పెడతాను, లేదా లోపల బిగువైన మరో చేతిని అతుకుతాను. నేల మీద కూర్చుని ఫొటో దిగేటప్పుడు కుర్తా పక్క చీలికలు తెరుచుకుంటాయి కాబట్టి వాటిని మామూలుకంటే కిందికి దించి కుడతాను. దుపట్టా, హిజాబ్ నిలవడానికి గుండుసూదులు వాడడం పిల్లికి ప్రమాదం, మన చేతికీ ప్రమాదం. వాటి బదులు వాడుతున్న చిన్న అయస్కాంతాలు ఇంకా ప్రమాదం, ఎందుకంటే రెండు అయస్కాంతాలు కడుపులోకి వెళితే పేగు గోడను మధ్యలో ఇరికించి చిల్లు పెట్టగలవు. భుజం దగ్గర లోపలి వైపు టిచ్ బటన్ కుట్టించుకుంటే రెండు బాధలూ తప్పుతాయి. షిఫాన్ హిజాబ్‌కు గోరు తగిలితే దారం లాగేస్తుంది. నూలు గానీ జెర్సీ గానీ అయితే జారదు, అంత తేలిగ్గా చిరగదు.

అపోహ: అందరికీ ఒకే పట్టుబట్ట తీసుకుంటే సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. అచ్చమైన పట్టు స్త్రీలకు అనుమతమే, పురుషులకు కాదు. సహీహ్ ముస్లిం అనే సంకలనంలోని హదీసు ప్రకారం పురుషుల దుస్తుల్లో నాలుగు వేళ్ల వెడల్పు వరకే పట్టుకు మినహాయింపు ఉంది. అంటే తల్లి పోచంపల్లి పట్టు కట్టుకుంటే, తండ్రికి అదే ఇక్కత్ నమూనాను నూలులో తీసుకోవాలి. కావాలంటే కాలరుకో గుండీ పట్టీకో సన్నటి పట్టు అంచు వేయవచ్చు. పట్టూ నూలూ కలిపి నేసే సీకో బట్ట గురించి అడిగితే ఇమామునే అడగమంటాను, ఎందుకంటే ఏ దారం ఎంత ఉందన్న దాని మీద జవాబు మారుతుంది. పిల్లికి మాత్రం పట్టు వద్దు. మతం మాట పక్కన పెట్టినా, గోరు తగిలిన క్షణంలో ఆ బట్ట పాడైపోతుంది.

అపోహ: పిల్లల కుర్తాల మీద మన పిల్లి బొమ్మ అచ్చు వేయిస్తే అందంగా కలుస్తుంది.

వాస్తవం: ప్రాణుల బొమ్మలున్న దుస్తులను చాలామంది పండితులు అంగీకరించరు, ముఖ్యంగా నమాజు సమయంలో. మన కలంకారీలోనే దీనికి చక్కటి దారి ఉంది. శ్రీకాళహస్తి కలంతో గీసే పద్ధతిలో దేవతల రూపాలూ పురాణ ఘట్టాలూ ఎక్కువ. గోల్కొండ పాలకుల ఆదరణలో పెరిగి, పర్షియన్ అభిరుచిని ఇముడ్చుకున్న మచిలీపట్నం, పెడన అచ్చు పనిలో తీగలూ పూలూ ఆకులూ ప్రధానం. పెడన తీగ నమూనా ఒకటి ఎంచుకుని, అందులోని ఒక రంగును పిల్లి మెడ రుమాలుకు తీసుకుంటే చాలు. అయితే పెడన అచ్చుల్లో కూడా నెమళ్లూ చిలుకలూ అప్పుడప్పుడు దూరుతాయి కాబట్టి బట్ట తాను మొత్తం విప్పి చూసి కొనాలి.

అపోహ: పిల్లికి కూడా షేర్వానీ, టోపీ వేస్తేనే జత కుదిరినట్టు.

వాస్తవం: టోపీ గానీ హిజాబ్ లాంటిది గానీ జంతువుకు నేను కుట్టను. ప్రార్థనతో ముడిపడిన దుస్తులను సరదాకు వాడడం ఇంటి పెద్దలకు నొప్పి కలిగిస్తుంది, చెవులు మూసేసి గడ్డం కింద రబ్బరు బిగించడం పిల్లికి నొప్పి కలిగిస్తుంది. ఇద్దరినీ బాధపెట్టే వస్తువుకు కొలతలు తీసుకోవలసిన పనేముంది? షేర్వానీ సంగతీ అంతే. పిల్లి ఒంటి వేడి సుమారు 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది, దాని చెమట గ్రంథులు ప్రధానంగా పాదాల్లోనే ఉంటాయి. 2024లో ఈద్ ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న వచ్చింది. చాంద్రమాన సంవత్సరం సుమారు 11 రోజులు తక్కువ కాబట్టి రంజాన్ పండుగ క్రమంగా చలికాలం వైపు జరుగుతున్నా, బక్రీదు మాత్రం ఇంకా కొన్నేళ్లు ఎండల్లోనే ఉంటుంది. ఆ ఎండలో బొచ్చు పిల్లికి అస్తరు వేసిన పాలిస్టర్ కోటు తొడిగితే ఆయాసపడుతుంది.

నేను కుట్టేది ఒక్కటే: కుటుంబపు బట్టలో మిగిలిన నూలు ముక్కతో మూడు మూలల రుమాలు, పై అంచున కాలరు దూరేటంత గొట్టం. దారాన్ని ముడివేసి కట్టేది, ఎలాస్టిక్ వేసేది నేను ఇవ్వను. ఎలాస్టిక్ పట్టీలోకి పిల్లి ముందు కాలు దూరి చంక కింద కోసుకుపోయే ప్రమాదం ఉంది. లాగితే దానంతట అదే విడిపోయే బకిల్ ఉన్న కాలరు వాడాలి, బిగించాక మెడకూ కాలరుకూ మధ్య రెండు వేళ్లు దూరాలి. పెద్ద పిల్లుల మెడ సాధారణంగా 8 నుంచి 10 అంగుళాలు ఉంటుంది గానీ, బొచ్చు పిల్లికి టేపును బొచ్చు మీద కాకుండా లోపలికి నొక్కి కొలవాలి, లేకపోతే రుమాలు వదులై నోట్లోకి వెళుతుంది. ముదురు ఎరుపు, నీలం నూలు బట్టలను రంగు దిగడం ఆగేదాకా ఉతికి గానీ కత్తిరించకూడదు, ఎందుకంటే బట్ట మీద ఉన్నది ఏదైనా పిల్లి నాలుక మీదికి వెళుతుంది.

అపోహ: తొడిగాక పిల్లి కదలకుండా కూర్చుంది, అంటే దానికి నచ్చింది.

వాస్తవం: చాలాసార్లు దీనికి సరిగ్గా వ్యతిరేకం నిజం. చెవులు వెనక్కి అణచి, ఒళ్లు నేలకు ఆనించి బిగుసుకుపోవడం, ఒక పక్కకు ఒరిగిపోవడం, తోకను టపటపా కొట్టడం భయానికీ చిరాకుకీ గుర్తులు. రుమాలును పండుగకు వారం ముందే ఇంట్లో దాని పడక మీద వేసి ఉంచితే ఆ బట్టకు ఇంటి వాసన పడుతుంది. తర్వాత రోజూ కాసేపు తొడిగి, వెంటనే దానికి ఇష్టమైన తిండి పెట్టాలి. అప్పటికీ ఇష్టపడకపోతే దాన్ని వదిలేయడమే మర్యాద. రంగు కలవాలంటే అది కూర్చునే దిండుకు అదే బట్టతో గలేబు కుట్టించవచ్చు. ఫొటోలో రుమాలుకంటే అదే బాగుంటుందని నా అభిప్రాయం.

అపోహ: మనం అత్తరు పూసుకున్నట్టే దానికీ ఒక చుక్క పూయవచ్చు.

వాస్తవం: పూయకూడదు. సుగంధ తైలాల్లోని కొన్ని పదార్థాలను విడగొట్టే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. మన మణికట్టుకు రాసుకున్న అత్తరు కూడా ఆరిన తర్వాతే దాన్ని ఎత్తుకోవాలి.

అపోహ: ముస్లిం ఇళ్లలో కుక్క ఉండదు కాబట్టి ఆ ప్రశ్నే రాదు.

వాస్తవం: వేటకు, మందకు, పొలం కాపలాకు కుక్కను ఉంచుకోవడానికి హదీసుల్లోనే మినహాయింపు ఉంది. నగర శివారు తోటల్లో కాపలా కుక్కలున్న కుటుంబాలు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి. హనఫీ, షాఫయీ సంప్రదాయాల్లో కుక్క లాలాజలం అపవిత్రం, మాలికీ సంప్రదాయంలో కాదు. కాబట్టి ఇక్కడి కుటుంబాలకు నా సలహా స్పష్టం: నమాజు జత వేరు, తోటలో వేసుకునే జత వేరు, కుక్క మెడ పట్టీ ఉతికే బకెట్ వేరు. రంగు కలపడానికి మెడ పట్టీ ఒక్కటి చాలు.

అపోహ: మగ్గం వర్క్, కిరన్ (జరీ కుచ్చుల) అంచు పెద్దలు వేసుకునేవే, వాటివల్ల పిల్లికి ఏమవుతుంది?

వాస్తవం: పండుగ బట్టల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. వేలాడే కిరన్ పోగు పిల్లి కంటికి ఆట వస్తువు. దాని నాలుక మీది ముళ్లు గొంతు వైపు వంగి ఉంటాయి కాబట్టి నోట్లోకి వెళ్లిన దారాన్ని ఉమ్మలేక మింగేస్తుంది. పొడవాటి జరీ పోగు ఒక కొస నాలుక కిందో కడుపులోనో చిక్కుకుని, రెండో కొస పేగుల్లోకి జారితే, పేగు ముడతలు పడి తెగిపోయే స్థితి వస్తుంది, అప్పుడు శస్త్రచికిత్స తప్పదు. ఖడా దుపట్టా లాంటి భారీ పని ఉన్న బట్టలను పిల్లి తిరిగే గదిలో కుర్చీ మీద వేసి ఉంచకండి. కొత్త బట్టలు తెచ్చిన సంచిలో దారపు ముక్కలు, రాలిన చమ్కీలు, పూసలు ఉంటాయి కాబట్టి దాన్ని తలుపు బయటే దులిపి లోపలికి తీసుకోండి. పిల్లి నోటి నుంచి గానీ మలద్వారం నుంచి గానీ దారం వేలాడుతూ కనిపిస్తే దాన్ని లాగవద్దు, కత్తిరించవద్దు. లాగితే లోపలి పేగు కోసుకుపోతుంది. పండుగ రోజైనా సరే వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. తెరిచి ఉండే ఆసుపత్రి నంబరును చాంద్ రాత్ (పండుగ ముందు రాత్రి) నాడే అడిగి రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే మరునాడు ఉదయం చాలాచోట్ల తలుపులు మూసి ఉంటాయి.