వైనరీలో గ్లాసు ఖాళీ చేయకపోతే అవమానమా? అపోహలు - వాస్తవాలు

డ్రై క్రీక్ వ్యాలీలో ఇటలీ మూలాలున్న ఒక కుటుంబ వైనరీ టేస్టింగ్ రూమ్‌లో అతిథులకు వైన్ పోసి, ఆ తోట కథ చెప్పడం నా ఉద్యోగం. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన సొనోమా కౌంటీలో ఉన్న ఈ లోయకు ఫ్రీమాంట్, శాన్ రామోన్ వైపు నుంచి తెలుగు కుటుంబాలు వారాంతాల్లో బాగానే వస్తుంటాయి. వారిలో చాలామంది, ఇంటివాళ్ళే స్వయంగా పోస్తున్నప్పుడు గ్లాసులో మిగిల్చితే వాళ్ళను చిన్నబుచ్చినట్లవుతుందని గట్టిగా నమ్ముతారు.

ఇది శుద్ధ అపోహ. విస్తట్లో వడ్డించినది వదలకూడదన్న మన మర్యాద ఇక్కడ వర్తించదు. బల్ల మీదున్న డంప్ బకెట్‌ను వాడుకోవడానికే పెడతారు. మా యజమానుల ఇంటి పెద్దావిడ తమ తోటలో పండిన వైన్‌నే నోట్లో తిప్పి, బకెట్‌లో ఉమ్మి, గ్లాసులో మిగిలినది కూడా అందులోనే వంపేసి, ఏమాత్రం మొహమాటం లేకుండా తర్వాతి సీసా అందుకుంటారు. అలా చేయకపోతే మధ్యాహ్నానికి రుచి తెలియదు.

"కొంచెం కొంచెమే కదా" అనేవారు ఒక లెక్క చూడాలి. ఒక్కో గ్లాసులో 60 మి.లీ. చొప్పున ఐదు రకాలు పోస్తే 300 మి.లీ. అవుతుంది. ఇక్కడి జిన్‌ఫాండెల్ అనే ఎర్ర ద్రాక్ష వైన్‌లో ఆల్కహాల్ 15 శాతం వరకు ఉండడం మామూలే కనుక, అన్నీ అదే బలంతో ఉంటే కడుపులోకి చేరేది 45 మి.లీ. ఆల్కహాల్, అంటే 30 మి.లీ. విస్కీ పెగ్గులు దాదాపు నాలుగు.

ఒకసారి అమ్మానాన్నలను వెంటబెట్టుకొని వచ్చిన ఒక యువకుడు తన గ్లాసుతో పాటు, వాళ్ళు పెదవి తడిపి పక్కన పెట్టినవి కూడా, పారబోస్తే బాగుండదని వరుసగా తాగేశాడు. కారు తాళం అతని చేతిలోనే ఉంది. నేను అభ్యంతరం చెబితే, "మావాడు మందు ముట్టడమ్మా, ఇది ద్రాక్షరసమే కదా" అన్నారు తండ్రిగారు. చివరికి వాళ్ళు తెచ్చుకున్న పులిహోర తిని, సాయంత్రం దాకా చెట్టు కిందే కూర్చొని, ఆ తర్వాత టాక్సీలో వెళ్ళారు. తిండి, కాఫీ, చన్నీళ్ళు ఎక్కిన మత్తును దించవు. రక్తంలో ఆల్కహాల్ గంటకు సుమారు 0.015 శాతం చొప్పున మాత్రమే తగ్గుతుంది.

కాలిఫోర్నియాలో బండి నడిపేవారి రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.08 శాతం. అంతకన్నా తక్కువున్నా, నడపలేని స్థితిలో ఉన్నారని తేలితే కేసు పెట్టవచ్చు. హెచ్-1బి మీద ఉన్నవారికి దెబ్బ ఇంకా పెద్దది: శిక్ష పడకముందే, కేవలం అరెస్టు ఆధారంగా, విదేశాంగ శాఖ వీసాను రద్దు చేయవచ్చు. ఇక్కడ ఉన్నంతకాలం ఉద్యోగం సాగవచ్చు గాని, ఇంట్లో పెళ్ళికో చావుకో ఊరు వెళ్తే, తిరిగి రావడానికి మళ్ళీ కాన్సులేట్ మెట్లెక్కి, వైద్యపరీక్ష కూడా చేయించుకోవాలి. "ఫస్ట్ టైమ్ అయితే వదిలేస్తారు" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్ళు మీ తరఫున కాన్సులేట్‌కు రారు. బండి నడిపేవారు అసలు తాగకపోవడమే మేలు. ఆ మాట చెబితే ఏ వైనరీలోనూ ఎవరూ తప్పు పట్టరు.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. జిన్‌ఫాండెల్‌ను ఇటాలియన్లు తమ ఊళ్ళ నుంచి తెచ్చారనుకోవడం తప్పు. అది క్రొయేషియా ద్రాక్ష అని 2001లో డీఎన్ఏ పరీక్షల్లో తేలింది. 1920-33 అమెరికా మద్యనిషేధంలో ఇక్కడి ఇటాలియన్ కుటుంబాలన్నీ తోటలు పీకేశాయన్నదీ నిజం కాదు. ఇళ్ళలో పరిమితంగా వైన్ చేసుకోవడానికి చట్టం వీలిచ్చింది కనుక చాలామంది పండ్లు అమ్ముకొని బతికారు; పెడ్రోన్‌చెల్లి కుటుంబం ఇదే లోయలో మూతబడిన వైనరీతో సహా తోట కొన్నది 1927లో, అంటే నిషేధం నడుమనే. వైన్ అంతా శాకాహారమేననీ అనుకోవద్దు. తేటపరచడానికి గుడ్డు తెల్లసొన, చేప నుంచి తీసిన పదార్థం వాడే చోట్లున్నాయి, సీసా మీద అది రాసి ఉండకపోవచ్చు, కాబట్టి అడగండి. వైన్ గురించి ఏమీ తెలియదని బిడియపడేవారు నిశ్చింతగా రండి, తెలియనివాళ్ళకు చెప్పడానికే మేమున్నాం. మూత తీసిన సీసాకు మళ్ళీ బిరడా బిగించినా సరే, సీటు పక్కన పెట్టుకోకుండా డిక్కీలోనే పెట్టండి.