ఇంట్లో కాన్పుకు ఏర్పాట్లు: అపోహలు - వాస్తవాలు

నేను మిడ్‌వైఫ్‌ని, అంటే కాన్పులు చేయడంలో శిక్షణ పొందినదాన్ని. ఇంట్లో కాన్పు అనుకున్న వాళ్ల దగ్గరికి 36వ వారంలో ఒకసారి వెళ్లి గది, మంచం, సామాను చూసి వస్తాను. దాదాపు ప్రతి ఇంట్లోనూ మొదటి ప్రశ్న ఒకటే: "పరుపు పాడైపోతుందా?" పాడవకుండా చూసుకోవడం తేలికే. కానీ మంచం మీద వేసే దుప్పట్లూ ప్యాడ్లూ పరుపు కోసమే అనుకుంటే అసలు పని దెబ్బతింటుంది. ఒక మాట ముందే చెప్పాలి. ఇదంతా రిస్కు తక్కువని పరీక్షల్లో తేలి, శిక్షణ ఉన్న మిడ్‌వైఫ్ దగ్గరుండి చేసే కాన్పుల గురించే.

అపోహ: ఇల్లంతా రక్తం అవుతుంది

మామూలు కాన్పులో పోయే రక్తం 500 మి.లీ. లోపే. ఎక్కువగా తడిపేది ఉమ్మనీరు. అది మంచం మీద ఉన్నప్పుడే పోవాలని లేదు, నడుస్తుండగా వరండాలోనైనా పోవచ్చు. అందుకే నాలుగు అండర్‌ప్యాడ్లు (కింద వేసే, తడి పీల్చే ప్యాడ్లు) చేతికందేలా వేరే గదిలో కూడా పెట్టమంటాను.

మంచం మీద పక్కబట్టలు రెండు వరసలుగా, ఒకదానిమీద ఒకటి పరచండి. పరుపు మీద ఉతికిన దుప్పటి, దానిపై వాటర్‌ప్రూఫ్ షీట్, ఆ పైన పాత నూలు దుప్పటి, అన్నిటికన్నా పైన అండర్‌ప్యాడ్లు. కాన్పయ్యాక పై దుప్పటిని షీటుతో సహా చుట్టి తీసేస్తే కింద శుభ్రమైన పక్క సిద్ధంగా ఉంటుంది. అలసిపోయిన బాలింత ఎవరో పక్క మార్చేదాకా ఎదురుచూడక్కర్లేదు.

అపోహ: నేలంతా ప్లాస్టిక్ పరిచేస్తే సరి

తడిసిన ప్లాస్టిక్ మీద కాలు జారుతుంది. నొప్పుల్లో ఉన్న మనిషి ఒక్కసారిగా లేస్తుంది, వంగుతుంది, మోకాళ్ల మీద కూర్చుంటుంది. ప్లాస్టిక్ అంచులు టేపుతో నేలకు అంటించి, పైన మందపాటి టవలో పాత దుప్పటో తప్పకుండా వేయండి.

అపోహ: ముదురు రంగు దుప్పట్లయితే మరకలు కనపడవు, తడిసిన ప్యాడ్లు వెంటనే పారేయాలి

మీకు కనపడకపోతే నాకూ కనపడదు! ఉమ్మనీరు ఆకుపచ్చగా ఉంటే బిడ్డ కడుపులోనే విరేచనం చేసిందని అర్థం. ఆసుపత్రికి వెళ్లాలా వద్దా అన్నది ఆ రంగును బట్టి కూడా ఆలోచిస్తాం. ముదురు నీలం దుప్పటి మీద అది తెలియదు. తెల్లవో, లేత రంగువో వేయండి.

ఇక ప్యాడ్లు. రక్తం ఎంత పోయిందో కంటితో అంచనా వేస్తే ఎక్కువసార్లు తక్కువే అనిపిస్తుంది. అందుకే తూస్తాం. తడిసిన ప్యాడ్ బరువులోంచి పొడి ప్యాడ్ బరువు తీసేస్తే, 1 గ్రాము దాదాపు 1 మి.లీ. ఒక కాన్పులో బాలింత అత్తగారు నాకు సాయం చేద్దామని ప్యాడ్లన్నీ గబగబా చెత్త సంచిలో వేసి మూతి కట్టేశారు. నేను ఆ ముడి విప్పి, ఒక్కొక్కటీ తీసి వంటింటి త్రాసు మీద పెట్టి తూచాను. ఆవిడ మంచి మనసుతోనే చేశారు. ముందుగా చెప్పాల్సింది నేనే. అప్పటి నుంచీ ప్రతి ఇంట్లో చెబుతున్నాను: నేను చూసేదాకా ఏదీ పారేయొద్దు. మాయ కూడా అంతే. ముక్క ఏదీ లోపల మిగల్లేదని చూడాలి, మూతున్న గిన్నె ఒకటి ఇవ్వండి.

అపోహ: ప్రతి గుడ్డా స్టెరైల్ (క్రిములేవీ లేకుండా) చేయాలి

గుడ్డల్ని ఓవెన్‌లో వేడి చేయక్కర్లేదు. ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, శుభ్రమైన సంచిలో మూసిపెడితే చాలు. స్టెరైల్‌గా ఉండాల్సినవి బొడ్డుతాడు కోసే కత్తెర, దాన్ని బిగించే క్లాంపుల్లాంటివి. వాటిని సీలు ప్యాకెట్లలో మేమే తెస్తాం. మీరు చూడాల్సింది సబ్బు, ధారగా నీళ్లు, చేతులు తుడుచుకోవడానికి ఉతికిన గుడ్డ.

అపోహ: బిడ్డకు ఒక మెత్తటి టవల్ చాలు

నాకు అన్నిటికన్నా పట్టింపు ఇక్కడే. బిడ్డ తడిగా పుడుతుంది, క్షణాల్లో చల్లబడుతుంది. మొదటి టవల్‌తో తుడవగానే అది తడిసిపోతుంది. దాన్ని తీసేసి తల్లి ఛాతీ మీద ఉన్న బిడ్డకు పొడిది కప్పాలి. కనీసం ఐదారు టవళ్లు, ఒక టోపీ ఉంచండి. గది 25 డిగ్రీలకు తగ్గకుండా, ఫ్యాన్ ఆపి, గాలి నేరుగా తగలకుండా చూసుకోండి.

దాదాపు పదిమంది పిల్లల్లో ఒకరికి ఊపిరి తీసుకోవడానికి కొంత సాయం కావాల్సి వస్తుంది. మెత్తటి పరుపు మీద ఆ పని కుదరదు. అందుకే గట్టిగా, సమంగా ఉన్న బల్ల ఒకటి ఖాళీ చేసి, పైన మడతపెట్టిన దుప్పటి, దగ్గర్లో మంచి లైటు ఉంచమంటాను.

అపోహ: రక్తం మరకకు వేడినీళ్లు

వేడికి మరక గట్టిపడుతుంది. ముందు చన్నీళ్లలో నానబెట్టండి.

అపోహ: ఇంట్లోనే కదా, ఆసుపత్రి బ్యాగు ఎందుకు?

2011లో ఇంగ్లండ్‌లో వెలువడిన బర్త్‌ప్లేస్ అధ్యయనంలో, ఇంట్లో కాన్పు అనుకున్న తొలిచూలు తల్లుల్లో 45 శాతం మందిని, మలి కాన్పుల వాళ్లలో 12 శాతం మందిని నొప్పుల మధ్యలోనో కాన్పయిన వెంటనేనో ఆసుపత్రికి తరలించారు. అందరూ రిస్కు తక్కువని తేలినవాళ్లే. బ్యాగు సర్ది తలుపు దగ్గర పెట్టండి. అందులో రిపోర్టులు, బిడ్డ బట్టలు, రెండు పొడి టవళ్లు, కారు సీటు మీద వేయడానికి రెండు అండర్‌ప్యాడ్లు ఉండాలి.