సౌండ్ రావట్లేదని పల్స్‌ఆడియోని పీకేయకండి: లినక్స్ సౌండ్ మీద అపోహలు - వాస్తవాలు

ఈ నెలలో ఇది నాలుగో ఫోను. "సార్, లినక్స్‌లో రెండు సౌండ్ సిస్టమ్‌లు కొట్టుకుంటున్నాయట. ఒకటి తీసేశాను. ఇప్పుడు అసలు సౌండే లేదు." తీసేయమని ఎవరు చెప్పారంటే, ఎక్కడో చదివామంటారు. లినక్స్ మెషీన్లు సెట్ చేసి ఇవ్వడమే నా పని కాబట్టి ఈ ఒక్క పుకారు ఎంతమంది రోజుల్ని పాడుచేసిందో నాకు తెలుసు.

అపోహ: ఆల్సా, పల్స్‌ఆడియో, జాక్, పైప్‌వైర్ అనే సౌండ్ సాఫ్ట్‌వేర్లు ఒకదానికొకటి పోటీ. ఒక్కటి ఉంచి మిగతావి తీసేస్తే గొడవ వదిలిపోతుంది.

వాస్తవం: ఇవన్నీ ఒకే చోట పనిచేసేవి కావు. ఆల్సా ఉండేది కెర్నెల్‌లో, అంటే లినక్స్‌కి గుండెకాయ లాంటి భాగంలో. సౌండ్ కార్డు డ్రైవర్లు దానివే. 2003 డిసెంబర్‌లో 2.6 కెర్నెల్ వచ్చినప్పటి నుంచీ ఓఎస్‌ఎస్ అనే పాత సౌండ్ వ్యవస్థ స్థానంలో అదే ఉంది. పైన ఏ సౌండ్ సర్వర్ (ప్రోగ్రాముల సౌండ్‌ని అందుకుని కార్డుకి పంపే ప్రోగ్రామ్) నడిచినా చివరికి కార్డును తాకేది ఆల్సా ద్వారానే. అయితే మన ల్యాప్‌టాప్‌లలో ఉండే కార్డులు చాలావరకు ఒకసారి ఒక్క ప్రోగ్రామ్‌నే లోపలికి రానిస్తాయి. బ్రౌజర్‌లో పాట, మధ్యలో వీడియో కాల్, రెండూ వినిపించాలంటే వాటిని కలిపి ఇచ్చేవాళ్లు ఒకరుండాలి. ఆల్సాలోనే డీమిక్స్ అని ఒక ఏర్పాటు ఉంది కానీ, పాట ఆగకుండా స్పీకర్ నుంచి బ్లూటూత్‌కి మార్చడం దాని వల్ల కాదు. అందుకే పల్స్‌ఆడియో వచ్చింది. జాక్ కూడా అలాంటి సర్వరే, కాకపోతే రికార్డింగ్ చేసేవాళ్ల కోసం.

కాబట్టి ఆల్సాకీ పల్స్‌ఆడియోకీ తగాదా లేదు. నిజమైన తగాదా పల్స్‌ఆడియోకీ జాక్‌కీ మధ్య. రెండూ ఒకే కార్డును పట్టుకోవాలని చూస్తాయి, ఒకటి పట్టుకుంటే రెండోదానికి దొరకదు.

రాజమండ్రిలో ఒక వీణ టీచర్ గారున్నారు. పొద్దున్నే అయిదున్నరకి అమెరికాలో ఉన్న పిల్లలకి ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతారు. ఒక రోజు పాఠం రికార్డు చేద్దామని జాక్ పెట్టుకుని ఆర్డోర్ అనే రికార్డింగ్ ప్రోగ్రామ్ తెరిచారు. అంతే, బ్రౌజర్‌లో పిల్లల గొంతులు వినబడటం మానేశాయి. ఇంట్లో కుర్రాడు ఏదో చదివి పల్స్‌ఆడియో ప్యాకేజీ తీసేశాడు. దాంతో పాటు ఇంకేమేం పోతాయో టెర్మినల్ లిస్టు చూపించింది, అందులో డెస్క్‌టాప్ ప్యాకేజీలు కూడా ఉన్నాయి. అతను చదవకుండా వై (అంటే సరే) కొట్టాడు. తర్వాత వాల్యూమ్ ఐకాన్ కూడా కనబడలేదు. ఆవిడ నాకు ఫోన్ చేసి, "బాబూ, కంప్యూటర్‌ని నేనేమైనా పాడుచేశానా?" అన్నారు. "మీ తప్పేం లేదమ్మా" అన్నాను కానీ, ఆ గొంతులో భయం విని నాకు చాలా బాధేసింది. పిల్లలు క్లాసు కోసం ఎదురుచూస్తుంటారని ఆవిడ టెన్షన్.

అసలు చూడాల్సింది ఒక్కటే. ఫ్యూజర్ అనే కమాండ్‌కి -v తగిలించి, డెవ్ కింద ఉన్న స్నడ్ ఫోల్డర్‌లోని ఫైళ్లను ఎవరు పట్టుకున్నారో అడగాలి. ప్రోగ్రామ్ పేరు వచ్చేస్తుంది. ఆవిడ మెషీన్‌లో మొదట్లోనే అది చూసి ఉంటే, జాక్ పేరు కనబడేది. దాన్ని ఆపితే సరిపోయేది.

ఆవిడకి కొత్త ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) వేసి ఇచ్చాను, ఇప్పుడు పైప్‌వైర్ మీద నడుస్తోంది. పైప్‌వైర్‌ని విమ్ టేమన్స్ అనే ప్రోగ్రామర్ మొదలుపెట్టారు. 2021లో ఫెడోరా అనే ఇంకో లినక్స్ రకం 34వ వెర్షన్‌తో మొదటిసారి డీఫాల్ట్‌గా వచ్చింది, ఉబుంటులో 22.10 నుంచి. పల్స్‌ఆడియో కోసం రాసిన ప్రోగ్రాములకి పల్స్‌ఆడియోలా, జాక్ కోసం రాసినవాటికి జాక్‌లా బదులిస్తుంది. కార్డును మాత్రం తనొక్కటే పట్టుకుంటుంది. పైప్‌వైర్-జాక్ ప్యాకేజీ వేసి, ఆర్డోర్ కమాండ్‌కి ముందు పీడబ్ల్యూ-జాక్ అని తగిలించాను. ఇప్పుడు పాఠం నడుస్తూనే ఉంటుంది, రికార్డూ అవుతూనే ఉంటుంది.

ఇక్కడే ఇంకో భయం పుడుతుంది. ఏ సౌండ్ సర్వర్ నడుస్తోందో చూద్దామని టెర్మినల్‌లో పీఏసీటీఎల్ ఇన్ఫో (pactl info) కొడితే సర్వర్ పేరు దగ్గర "పల్స్‌ఆడియో, ఆన్ పైప్‌వైర్" అని వస్తుంది. రెండూ నడుస్తున్నాయని కంగారుపడి మళ్లీ పీకడం మొదలుపెడతారు. ఆ వరస కనబడితే అంతా సరిగ్గా ఉన్నట్టే, ముట్టుకోకండి. పైప్‌వైర్ పెట్టుకున్నాక కూడా ఒట్టి పల్స్‌ఆడియో అని మాత్రమే వస్తే పాతదే ఇంకా నడుస్తోందని అర్థం. అప్పుడు కూడా చేత్తో ఫైళ్లు తీసేయొద్దు. మీ డిస్ట్రో (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకం) ప్యాకేజీ మేనేజర్‌తో ఒకదాని స్థానంలో ఇంకోటి పెట్టించండి.

పల్స్‌ఆడియోకి చెడ్డపేరు ఊరికే రాలేదు. 2007లో ఫెడోరా 8లో, మరుసటి ఏడాది ఉబుంటు 8.04లో పెట్టినప్పుడు చాలామందికి సౌండ్ తెగిపోయేది. డ్రైవర్లలో అప్పటిదాకా బయటపడని లోపాలూ ఉన్నాయి, దానిలోనూ ఉన్నాయి. అప్పటి సలహాలను ఇప్పటికీ కాపీ చేసి పంచుతున్నారు. ఇది నాకు అస్సలు మింగుడుపడదు.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను.

"కార్డు కాలిపోయింది." ముందు టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ (alsamixer) తెరిచి ఎఫ్6తో మీ కార్డు ఎంచుకోండి. గడి కింద రెండు ఎంలు కనబడితే మ్యూట్‌లో ఉందంతే. కీబోర్డు మీద ఎం నొక్కితే అవి ఆకుపచ్చ సున్నాలవుతాయి. అదీ కాకపోతే సౌండ్ హెచ్‌డీఎంఐకి, అంటే స్పీకర్లే లేని మానిటర్‌కి పోతోందేమో సెట్టింగ్స్‌లో చూడండి.

"పైప్‌వైర్‌లో సౌండ్ ఆలస్యంగా వస్తుంది." బఫర్, అంటే ఒకసారికి ఎన్ని శాంపిళ్లు (సౌండ్ తునకలు) పోగుచేసి పంపాలన్నది, ఎంత పెట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది. సెకనుకి 48,000 శాంపిళ్ల దగ్గర 1024 బఫర్ అంటే సుమారు 21 మిల్లీసెకన్లు, 256 అయితే అయిదు చిల్లర. మరీ తగ్గిస్తే చిటపటలు వస్తాయి, కొంచెం పెంచుకోండి.

"కాల్ రాగానే బ్లూటూత్ సౌండ్ రేడియోలా మారుతోంది, సర్వర్ పాడైంది." లేదు. హెడ్‌సెట్ మైక్ వాడగానే బ్లూటూత్ కాల్ ప్రొఫైల్‌లోకి మారుతుంది, అందులో నాణ్యత తక్కువ. మైక్ కింద ల్యాప్‌టాప్‌దే ఎంచుకుని, హెడ్‌సెట్‌ని వినడానికి మాత్రమే పెట్టుకోండి.