కిడ్నీ మార్చాక కూడా మాత్రలెందుకు? ఆ మందుల వెనుక కథ

ఆపరేషన్ అయిపోయింది, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ దిగింది, మనిషి తేరుకున్నాడు. ఇంకా ఈ మాత్రలెన్నాళ్లు? ఉదయగిరి, వింజమూరు, పామూరు, కనిగిరి వైపు కిడ్నీ మార్పిడి జరిగిన ఇంట్లో ఈ మాట రాకుండా ఉండదు. చూసిపోదామని వచ్చిన చుట్టాలు మరీ అడుగుతారు. ఆ కిడ్నీ పనిచేసినన్నాళ్లూ మింగాల్సిందేనన్నది జవాబు. ఎందుకో తెలియాలంటే డెబ్భై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

ముందు మన సంగతి. నెల్లూరు జిల్లా మెట్టలోనూ, పాత ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లోనూ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది ఎప్పటినుంచో ఉన్న గోడు. ఈ పల్లెల్లో కిడ్నీ జబ్బు గురించీ ఏళ్లుగా వింటున్నాం. దానికి ఈ నీళ్లే కారణమని మాత్రం ఇంకా తేలలేదు. షుగరు, బీపీ, ఒళ్లు నొప్పులకు అదే పనిగా వాడే బిళ్లలు కూడా కిడ్నీలను తినేస్తాయి. కారణమేదైనా చివరికి డయాలసిస్, దాత దొరికితే మార్పిడి. ఇచ్చేది చాలా ఇళ్లలో తల్లో, భార్యో.

రక్తనాళాలను కలిపి కుట్టే పద్ధతిని అలెక్సిస్ కారెల్ ఎప్పుడో కనిపెట్టాడు, 1912లో నోబెల్ కూడా అందుకున్నాడు. అంటే కోతా కుట్టూ డాక్టర్లకు ముందే వచ్చు. కొత్త అవయవాన్ని ఒంట్లో నిలబెట్టడమే చేతకాలేదు. ఊళ్లో కొత్తముఖం కనిపిస్తే ఎవరబ్బాయివంటూ నిలదీసినట్టు, మన రక్తంలోని తెల్లకణాలు పరాయి కణాన్ని వదిలిపెట్టవు. 1954 డిసెంబరులో బోస్టన్‌లో జోసెఫ్ మర్రే చేసిన కిడ్నీ మార్పిడి నిలిచిందంటే, ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఒకే పోలిక కవలలు కాబట్టి. కవల లేని రోగి మాటేమిటి? ఒళ్లంతా ఎక్స్‌రేలు పెట్టి తెల్లకణాలను చంపి చూశారు. ఎక్కువమంది ఇన్ఫెక్షన్లతో పోయారు.

మొదటి దారి చూపింది ఒక క్యాన్సర్ మందు. జార్జ్ హిచింగ్స్, గెర్‌ట్రూడ్ ఎలియన్ లుకేమియా కోసం తయారుచేసిన 6-మెర్కాప్టోప్యూరిన్ తెల్లకణాల జోరును కూడా తగ్గిస్తోందని 1959లో బయటపడింది. దాని మీద పనిచేసి వాళ్లే తెచ్చిన అజాథయోప్రిన్‌ను, రాయ్ కాన్ అనే కుర్ర ఇంగ్లిష్ సర్జన్ కుక్కల మీద ప్రయోగించాడు. 1962లో మర్రే దాని అండతోనే చనిపోయిన వ్యక్తి కిడ్నీని ఇంకొకరికి అమర్చితే ఏడాదికి పైగా పనిచేసింది. ఇక్కడ తెలుగువాళ్లం ఒక్క నిమిషం ఆగొచ్చు. ఈ హిచింగ్స్ హార్వర్డ్‌లో చదువుకుంటున్నప్పుడు అదే ల్యాబులో మన యల్లాప్రగడ సుబ్బారావు పనిచేసేవారు. సుబ్బారావు వేరుచేసిన పదార్థాల్లో కొన్నింటిని అక్కడి ప్రొఫెసర్ ఫిస్కే వెలుగు చూడనివ్వలేదనీ, వాటిని ఇతరులు మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందనీ తర్వాత చెప్పిందీ హిచింగ్సే.

1963లో అమెరికా సర్జన్ థామస్ స్టార్జల్ అజాథయోప్రిన్‌కు స్టెరాయిడ్ జోడించాడు. తర్వాత పదిహేనేళ్లపాటు లోకమంతా ఆ జంట మందులే. 1971లో రాయవేలూరు సీఎంసీలో మన దేశంలో తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి జరిగిందీ ఆ రోజుల్లోనే. మన జిల్లాలవాళ్లకు పెద్ద జబ్బంటే రాయవేలూరో మద్రాసో అన్న అలవాటు ఉండనే ఉంది. కానీ ఆ మందులతో మొహాలు ఉబ్బేవి, ఎముకలు గుల్లబారేవి. చనిపోయినవారి నుంచి తెచ్చిన కిడ్నీల్లో దాదాపు సగం ఏడాది తిరక్కుండానే పోయేవి.

మలుపు మట్టిలో దొరికింది. స్విట్జర్లాండ్ మందుల కంపెనీ శాండోజ్ తన ఉద్యోగులు సెలవులకు ఎక్కడికెళ్లినా అక్కడి మట్టి తెమ్మనేది, ఏ సూక్ష్మజీవిలో ఏ మందు దాగుందోనని. నార్వే పీఠభూమి నుంచి అలా వచ్చిన మట్టిలోని ఒక బూజు నుంచి సైక్లోస్పోరిన్ తీశారు. ఫంగస్‌ను చంపే మందుగా అది పెద్దగా పనికిరాలేదు. అక్కడితో పక్కన పెట్టేయకుండా 1972లో జాన్ బోరెల్ బృందం దాని అసలు గుణం పట్టుకుంది. అది తెల్లకణాలను చంపదు, వాటిని ఉసికొల్పే సంకేతాన్ని ఆపుతుంది. 1978లో అదే రాయ్ కాన్ కేంబ్రిడ్జిలో రోగులకిచ్చాడు. ఏడాది దాటి నిలిచే కిడ్నీలు నూటికి ఎనభై దాకా పెరిగాయి. విడ్డూరమేమిటంటే, కిడ్నీని కాపాడే ఈ మందే మోతాదు మించితే కిడ్నీని దెబ్బతీస్తుంది.

ఇప్పుడు మనవాళ్ల చీటీల్లో ఎక్కువగా కనిపించే టాక్రోలిమస్ కూడా మట్టిదే. 1984లో జపాన్‌లోని సుకుబా దగ్గర దొరికింది, 1989లో స్టార్జల్ చేతుల మీదుగా రోగులకు చేరింది. దానికి తోడుగా ఇచ్చే మైకోఫినోలేట్ 1995 నుంచి వాడకంలోకి వచ్చింది.

మందు పుట్టడం ఒక కథ, పామూరులో మనిషి దాన్ని కొనుక్కోగలగడం ఇంకో కథ. 1970 పేటెంటు చట్టం మందు మీద కాక తయారుచేసే పద్ధతి మీదే హక్కు ఇవ్వడంతో మన కంపెనీలు వీటిని తక్కువ ధరకు చేయగలిగాయి. అత్యవసర మందుల జాబితాలోకి ఎక్కాక ధరలకు పరిమితి కూడా వచ్చింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ మార్పిడి ఆపరేషన్‌ను పేదల దాకా తెచ్చింది. 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మార్పిడి చేయించుకున్నవారి పింఛను నెలకు 5,000 నుంచి 10,000 రూపాయలైంది. మంచిదే. అయినా నా లెక్కలో మన పథకాలు ఇప్పటికీ ఆపరేషన్‌నే వైద్యం అనుకుంటున్నాయి. ఆ ఒక్కరోజు పని ఖర్చు సర్కారుది, ఆ తర్వాత ఏళ్ల తరబడి మాత్రలు, టెస్టులు, దారి ఖర్చుల్లో ఎక్కువ భారం ఇంటివాళ్లదే.

ఆ మాత్రల పద్ధతి కూడా అంత తేలిక కాదు. ఉదయం తొమ్మిదికి వేసుకుంటే రాత్రి తొమ్మిదికే రెండోది. సెల్‌ఫోన్‌లో అలారం తప్పనిసరి. రక్తంలో టాక్రోలిమస్ ఎంతుందో చూసే లెవెల్ టెస్ట్ రోజున పొద్దున మాత్ర వేసుకోకముందే రక్తమివ్వాలి. మొదటి నెలలు గడిచాక మిల్లీలీటరుకు 5 నుంచి 10 నానోగ్రాముల మధ్య ఉంటే సాధారణంగా డాక్టరు తృప్తిపడతాడు. తగ్గితే రిజెక్షన్, అంటే ఒళ్లు కొత్త కిడ్నీని తిప్పికొడుతుందన్న భయం, పెరిగితే చేతుల వణుకు, షుగరు. పంపరపనస తింటే లెవెల్ పెరగొచ్చు. క్లారిత్రోమైసిన్, ఫ్లుకొనజోల్ వేసుకుంటే ఎగబాకుతుంది. టీబీకిచ్చే రిఫాంపిసిన్‌తో అమాంతం పడిపోతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర జ్వరానికి మందు తీసుకున్నా మార్పిడి సంగతి ముందే చెప్పాలనేది అందుకే. మెడికల్ షాపులో మామూలుగా వాడే కంపెనీ లేదని వేరే కంపెనీ టాక్రోలిమస్ ఇస్తే, మందు అదే కదా అని ఊరుకోకూడదు. డాక్టరుకు ఫోన్ చేసి, లెవెల్ మళ్లీ చూపించుకోవాలి.