కొత్త బ్రౌజర్ వేస్తే పాతది పోతుందా?

చిన్నూ, బుజ్జీ,

ఇంట్లో కంప్యూటర్‌లో ఫైర్‌ఫాక్స్ అనే కొత్త బ్రౌజర్ వేశారట. అప్పట్నుంచీ మీ నాన్నకు ఒకటే టెన్షన్, పాస్‌వర్డులన్నీ పోయాయని. ఏమీ పోలేదని ముందు వాడికి చెప్పండి. విండోస్‌తో వచ్చిన పాత బ్రౌజర్ ఎడ్జ్ తెరిచి చూస్తే అన్నీ అక్కడే ఉంటాయి.

ఒక కంప్యూటర్‌లో రెండు బ్రౌజర్లంటే ఒకే ఇంట్లో రెండు వాటాల్లో అద్దెకున్నవాళ్లు. ఎవరి సామాను వాళ్లదే. బుక్‌మార్కులు, పాస్‌వర్డులు, కుకీలు (సైట్లు మన కంప్యూటర్లో దాచుకునే చిన్న గుర్తులు), మీరు చూసిన పేజీల హిస్టరీ, అన్నీ ప్రొఫైల్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ వేరు, ఎడ్జ్ ప్రొఫైల్ వేరు. పేచీ అంతా వీధి తలుపు ఎవరు తియ్యాలన్న దగ్గరే. మెయిల్లో లింకు నొక్కితే ఏ బ్రౌజర్ తెరుచుకోవాలో విండోస్ ఒక్కదాని పేరే రాసి పెట్టుకుంటుంది. అదే డిఫాల్ట్. అందుకే రెండూ పోటీపడి 'నన్నే డిఫాల్ట్ చెయ్యండి' అని అడుగుతుంటాయి. అక్కర్లేనిది అడిగినప్పుడల్లా వద్దనేస్తే సరిపోతుంది.

అయితే నాన్న భయం ఉత్తిది కాదు, పాతకాలంది. 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ వచ్చింది. మరుసటి ఏడాదే విండోస్ తయారుచేసే మైక్రోసాఫ్ట్ తన బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను దింపింది. 1997లో వచ్చిన నాలుగో వెర్షన్ విండోస్‌లోకి ఎంతగా చొరబడిందంటే, మన ఫోల్డర్లు తెరిచి చూపించే పని కూడా దాని ఫైళ్లే చేసేవి. బ్రౌజర్‌ను ఇలా విండోస్‌తో కట్టేసి అమ్మడం మీదే 1998లో అమెరికా ప్రభుత్వం కోర్టుకెక్కింది. ఐరోపాలో అయితే 2010 నుంచి 'మీకు ఏ బ్రౌజర్ కావాలి?' అని అడిగే తెర పెట్టించారు. తర్వాత ఒక విండోస్ 7 అప్‌డేట్‌లో ఆ తెర మాయమైంది. దాంతో 2013లో మైక్రోసాఫ్ట్‌కు 56.1 కోట్ల యూరోల జరిమానా పడింది. డిఫాల్ట్ కుర్చీ అంత ఖరీదైంది మరి!

ఆ రోజుల్లో ఎక్స్‌ప్లోరర్ 7 వేస్తే 6 నిజంగానే పోయేది, ఎందుకంటే రెండూ విండోస్‌లోని అవే ఫైళ్లను వాడుకునేవి. మన తెలుగు పేపర్ల సైట్లది ఇంకో తంటా. యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా అక్షరాలు అవే అక్షరాలుగా కనిపించేలా పెట్టుకున్న ఉమ్మడి పద్ధతి) ఇంకా అలవాటు కాలేదు, ఒక్కో పేపర్‌కు ఒక్కో సొంత ఫాంటు. ఒక బ్రౌజర్లో చక్కగా కనిపించే వార్త ఇంకోదాంట్లో పిచ్చి గీతల్లా కనిపించేది. తర్వాత ఫైర్‌ఫాక్స్‌కు 'పద్మ' అనే యాడ్ఆన్ (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) వచ్చింది. అది ఆ గీతల్ని యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించేది. దానికోసమే ఫైర్‌ఫాక్స్ వేసుకున్నవాళ్లున్నారు.

ఇప్పుడు గొడవ వస్తే ఎక్కువగా ఒకే బ్రౌజర్ రెండు వెర్షన్ల మధ్యే. కొత్త ఫైర్‌ఫాక్స్ వాడిన ప్రొఫైల్‌ను పాత వెర్షన్‌తో తెరవబోతే ఒప్పుకోదు, కొత్త ప్రొఫైల్ పెట్టుకోమంటుంది. ఈ తలనొప్పి తగ్గించడానికే 2019 నుంచి ఫైర్‌ఫాక్స్‌ను విడిగా ఇన్‌స్టాల్ చేసిన ప్రతిసారీ దానికో సొంత ప్రొఫైల్ ఇస్తున్నారు. మీరు వేసింది ఒక్కటే కాబట్టి మీకా బాధ లేదు.

ఇక మీరు చెయ్యాల్సింది. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో డిఫాల్ట్ యాప్స్‌కు వెళ్లి ఫైర్‌ఫాక్స్‌ను ఎంచుకోండి. ఆ తర్వాత కూడా స్టార్ట్ మెనూలో వెతికినవి ఎడ్జ్‌లోనే తెరుచుకుంటాయి, అది మీ తప్పు కాదు. బుక్‌మార్కులు తెచ్చుకునే సదుపాయం ఫైర్‌ఫాక్స్‌లోనే ఉంది. పాస్‌వర్డులు మాత్రం ఎడ్జ్ నుంచి ఒక సీఎస్‌వీ ఫైలుగా (మామూలు పట్టీ లాంటి ఫైలు) దించుకుని తెచ్చుకోవాల్సి రావచ్చు. ఆ పని నాన్నను పక్కన కూర్చోబెట్టుకునే చెయ్యండి. అందులో పాస్‌వర్డులు మామూలు అక్షరాల్లో ఉంటాయి, ఎవరు తెరిచినా చదివేయొచ్చు. పని కాగానే ఫైలు డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్యండి. వాట్సాప్‌లో నాకు పంపాలన్న ఆలోచన అసలు వద్దు.

రెండూ ఒకేసారి తెరిచి పెట్టకండి, మీ ఇంట్లో ఉన్నది 4 జీబీ ర్యామ్ మిషను, ఆ కాస్త మెమరీకి రెండూ నడిస్తే నెమ్మదిస్తుంది. ఎడ్జ్‌ను తీసేద్దామని బుజ్జి అంటోందట. మన దగ్గర విండోస్ దాన్ని మామూలు పద్ధతిలో తియ్యనివ్వదు. ఎక్కడో చదివిన కమాండ్లు కొట్టి తియ్యబోకండి. ఉండనివ్వండి, నాన్న బ్యాంకు పనికి అదే వాడుకుంటాడు.

మీ పెదనాన్న