ఢాకాకు ఆరు నెలలు, ఢిల్లీకి నలభై ఒక్క ఏళ్లు

1971 డిసెంబరు 6న, యుద్ధం ఇంకా సాగుతుండగానే, భారత్ బంగ్లాదేశ్‌ను స్వతంత్ర దేశంగా గుర్తించింది. పది రోజులకు ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయింది. 1972 మార్చి 19న ఇందిరా గాంధీ, షేక్ ముజీబుర్ రహ్మాన్ 25 ఏళ్ల మైత్రీ ఒప్పందంపై సంతకాలు చేశారు. అయితే ఆ మైత్రికి అసలైన పరీక్ష సరిహద్దు దగ్గర ఎదురైంది.

కూచ్‌బిహార్ రాజులకు, మొఘలులకు మధ్య నడిచిన పాత తగాదాల వల్ల, ఒకరి భూభాగం నడుమ మరొకరి గ్రామాలు దీవుల్లా మిగిలిపోయాయి. వీటినే ఛిట్‌మహళ్లు అంటారు. దేశ విభజనలో, మొఘలుల వైపున్న రంగ్‌పూర్ ప్రాంతం పాకిస్తాన్‌కు (తర్వాత బంగ్లాదేశ్‌కు) వెళ్లి, 1949లో కూచ్‌బిహార్ భారత్‌లో చేరడంతో అవి రెండు దేశాల సమస్యగా మారాయి. దహలా ఖగ్రాబాడి అనే చిన్న పొలం సంగతి చూడండి: అది భారత భూమి, దాని చుట్టూ బంగ్లాదేశ్ గ్రామం, ఆ గ్రామం చుట్టూ భారత గ్రామం, దాని చుట్టూ మళ్లీ బంగ్లాదేశ్. అలాంటి ఊళ్లలో పుట్టినవారు పక్క ఊరి బడికి, ఆసుపత్రికి వెళ్లాలన్నా చట్టం దృష్టిలో పరాయి దేశంలో అడుగుపెట్టినట్టే.

1958లో నెహ్రూ, పాకిస్తాన్ ప్రధాని ఫిరోజ్ ఖాన్ నూన్ ఒక పరిష్కారానికి అంగీకరించారు. కానీ సరిహద్దులోని బేరుబాడి అనే ప్రాంతాన్ని పంచే విషయంలో, దేశ భూభాగాన్ని వదులుకోవాలంటే రాజ్యాంగాన్ని సవరించక తప్పదని 1960లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. తర్వాతి జాప్యానికి మూలం ఇక్కడే ఉంది.

1974 మే 16న ఇందిర, ముజీబ్ ఛిట్‌మహళ్లను ఇచ్చిపుచ్చుకునేలా భూ సరిహద్దు ఒప్పందం కుదుర్చుకున్నారు. దక్షిణ బేరుబాడి భారత్‌కే ఉంటుంది; బదులుగా భారత భూభాగం నడుమ ఉన్న బంగ్లాదేశ్ ఊళ్లు దహగ్రామ్, అంగర్‌పోతాలకు వెళ్లేందుకు 178 మీటర్ల పొడవు, 85 మీటర్ల వెడల్పున్న తీన్‌బిఘా నేలను బంగ్లాదేశ్‌కు శాశ్వత కౌలుకు ఇవ్వాలి. ఆ ఏడాది నవంబరులోనే బంగ్లాదేశ్ తన రాజ్యాంగాన్ని సవరించి ఒప్పందాన్ని ఆమోదించింది. మరుసటి ఆగస్టులో ముజీబ్ హత్యకు గురయ్యారు, సంబంధాలు బిగుసుకున్నాయి, ఢిల్లీలో ఆమోదం మూలనపడింది. అంత చిన్న దారి తెరుచుకోవడానికే 1992 దాకా ఆగాల్సి వచ్చింది. అదీ పగటిపూట కొన్ని గంటలే. రేయింబవళ్లు తెరిచి ఉంచింది 2011లోనే. రాజ్యాంగపరమైన చిక్కు నిజమే, కానీ నాలుగు దశాబ్దాల నిరీక్షణకు అది చాలిన కారణం కాదు. అప్పుడే మాట నిలబెట్టుకుని ఉంటే కొత్త దేశంలో పెరిగిన అనుమానాల్లో కొన్నయినా తగ్గేవి.

మైత్రీ ఒప్పందం 1997లో గడువు తీరి, పునరుద్ధరణ లేకుండానే ముగిసింది. భూ సరిహద్దు ఒప్పందం అమలుకు వీలు కల్పించే వందో రాజ్యాంగ సవరణను భారత పార్లమెంటు 2015 మేలో ఆమోదించింది. జులై 31 అర్ధరాత్రి 111 ఛిట్‌మహళ్లు బంగ్లాదేశ్‌కు, 51 భారత్‌కు దక్కాయి. 2011 లెక్కల ప్రకారం వాటిలో 51 వేల మందికి పైగా ఉండేవారు. బంగ్లాదేశ్‌కు దక్కిన ఊళ్ల నుంచి భారత్‌కు తరలివచ్చినవారు వెయ్యికి లోపే. మిగిలినవారు ఉన్నచోటే ఉండి, తమ నేల చేరిన దేశానికి పౌరులయ్యారు.