పన్నెండు లక్షల పనసకాయ

చెన్నై, టి.నగర్

చిట్టి తల్లికి, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

మీరు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. "అక్కకి పన్నెండు లక్షల జీతం అని అమ్మ అందరికీ చెప్పింది కదా, అంటే నెలకి లక్ష. మరి బ్యాంకులో 75,800 ఏ పడిందేం? మిగతాది ఎవరు తీసుకున్నారు?" అని కదా బుజ్జిగాడి గొడవ. భాగహారం సరిగ్గానే చేశావురా. తప్పు అమ్మ వాడిన మాటలో ఉంది. ఆ పన్నెండు లక్షలు జీతం కాదు, సీటీసీ. అక్కని పెట్టుకున్నందుకు కంపెనీకి ఏడాదికయ్యే మొత్తం ఖర్చు.

మీ బెంగళూరు మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర ఇప్పుడు పనసకాయల బండ్లు ఉంటాయి. కాయని కాయపళంగా కాటా వేస్తే పన్నెండు కిలోలు తూగిందనుకోండి. ఇంటికి తెచ్చి కోస్తే పైన ముళ్ళ తొక్క, లోపల పొట్టు, మధ్యలో బొడ్డు, చేతికంటే జిగురు, గింజలు. ఇవన్నీ పోగా నోట్లోకి వెళ్ళేవి తొనలు. సీటీసీ కాయ బరువు. బ్యాంకులో పడేది తొనల బరువు.

ఇప్పుడు కోద్దాం. ఆఫర్ లెటర్ చివర అనెక్షర్ అని ఒక పట్టిక ఉంటుంది. ముందు పేజీల్లో అభినందనలు తర్వాత చదువుకోవచ్చు, మొదట చూడాల్సింది అదే. అక్క ఫొటో తీసి పంపింది కాబట్టి ఈ లెక్కలు చెబుతున్నాను. వేరియబుల్ పే ఏడాదికి 1,00,000. కంపెనీ కట్టే పీఎఫ్, అంటే భవిష్యనిధి, 72,000. ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీ 28,846. ఆరోగ్య బీమా 15,154. మొత్తం 2,16,000. పన్నెండు లక్షల్లో ఇది తీసేసి పన్నెండు నెలలకి పంచితే నెలకి 82,000. దాన్ని గ్రాస్ అంటారు. అందులోంచి అక్క వాటా పీఎఫ్ 6,000, కర్ణాటక ప్రభుత్వానికి వృత్తి పన్ను 200 పోతే మీరు చూసిన 75,800. (ఇక్కడ చెన్నైలో వృత్తి పన్ను ఆరు నెలలకోసారి పట్టుకుంటారు. ఆ నెల కుర్రాళ్ళంతా జీతం తగ్గిందని కంగారుపడతారు.) ఆదాయపు పన్ను కొత్త పద్ధతిలో లెక్కేస్తే ఈ మాత్రం జీతానికి పన్ను పడదు.

వేరియబుల్ అంటే ముగ్గుతుందో లేదో తెలియని భాగం. సాధారణంగా ఏడాది చివర అక్కకి వచ్చిన రేటింగునీ, కంపెనీ లాభాలనీ చూసి ఇస్తారు. మొత్తం రావచ్చు, సగమే రావచ్చు. దాన్ని నమ్ముకుని ఈఎంఐ పెట్టుకోకూడదు. బీమా తొక్క లాంటిది. ఎవరూ తినరు, కానీ అది లేకపోతే కాయ కింద పడ్డ రోజున తెలుస్తుంది.

పీఎఫ్ గింజలు. తొన తినేటప్పుడు అడ్డమే. కడిగి ఆరబెట్టి దాచుకుంటే వానాకాలంలో కుంపట్లో కాల్చుకోవచ్చు, పులుసులో వేసుకోవచ్చు. బేసిక్, అంటే జీతంలో మూల వేతనం, నెలకి 50,000. అందులో 12 శాతం అక్క, 12 శాతం కంపెనీ, వెరసి నెలకి 12,000 దాపుడు. 2024-25కి దాని మీద 8.25 శాతం వడ్డీ ఇచ్చారు. ఒక నెల జీతం తాలూకు పీఎఫ్ వచ్చే నెల 15లోగా కట్టాలి, కాబట్టి పదిహేను దాటాక పాస్‌బుక్ చూసుకోవాలి.

ఇందులో రెండుచోట్ల పురుగు పడుతుంది. మొదటిది మన తెలుగువాళ్ళ పేరు. టెన్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, పాన్‌లో అది చివరికి పోయి ఉంటుంది. పీఎఫ్‌లో ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంటే డబ్బు తీసుకునే రోజున దరఖాస్తు తిప్పి పంపుతారు. ఉద్యోగంలో ఉండగానే దిద్దించుకోవాలి. రెండోది యూఏఎన్, పీఎఫ్ కోసం ఉద్యోగికి ఇచ్చే పన్నెండు అంకెల నంబరు. కంపెనీ మారినా నంబరు అదే. కొత్తచోట చెప్పకపోతే ఇంకొకటి పుట్టొచ్చు, అప్పుడు రెండు డబ్బాల్లో సగం సగం గింజలు.

గ్రాట్యుటీ గింజ కూడా కాదు, చెట్టు. పనస గింజ నాటితే కాపుకి అయిదేళ్ళైనా ఆగాలి. పర్మనెంట్ ఉద్యోగికి గ్రాట్యుటీ కూడా ఒకే కంపెనీలో అయిదేళ్ళు నిండితేనే. చివరి బేసిక్‌ని 26తో భాగించి, 15తో హెచ్చించి, పనిచేసిన ఏళ్ళతో హెచ్చిస్తారు. నెలకి ముప్ఫై రోజులుంటే 26 ఏమిటని చిట్టి అడుగుతుంది. నాలుగు ఆదివారాలు తీసేశారమ్మా. అప్పటికి అక్క బేసిక్ 60,000 అయితే అయిదేళ్ళకి 1,73,077. మూడేళ్ళకే మానేస్తే సున్నా. అయినా ఆఫర్ లెటర్లో ఏటా 28,846 అని వేసి కాయ బరువు పెంచి చూపిస్తారు. చట్టవిరుద్ధమేమీ కాదు. నాకు మాత్రం అది తడిపి తూచినట్టుంటుంది.

నా చిన్నప్పుడు గోదావరి పల్లెల్లో పాలేరు జీతం ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యం, ఒక పంచె, చలికి ఒక కంబళి. మధ్యాహ్నం అన్నం వేరే. ఆలోచిస్తే అదీ సీటీసీయే. కాగితం లేదు, అంతే. కాగితం లేకపోవడం వల్ల కంబళి దగ్గర ఏటా గొడవ వచ్చేది.

ఇక చిట్టి ప్రశ్న. "అక్కని బెంచ్ మీద వేశారట, ఏం అల్లరి చేసింది?" ఏమీ చెయ్యలేదు. మీ స్కూల్లో బెంచ్ ఎక్కిస్తే శిక్ష. అక్క ఆఫీసులో ఒక ప్రాజెక్టు అయిపోయి ఇంకోటి దొరికేదాకా ఖాళీగా ఉండటాన్ని బెంచ్ అంటారు. జీతం వస్తుంది. నెలలు గడిచినా ప్రాజెక్టు దొరక్కపోతే మాత్రం ఇబ్బందే, అందుకే సాయంత్రాలు ఏదో కోర్సు చదువుతోంది, విసిగించకండి. దీనికి పనసకాయలో పోలిక ఎంత వెతికినా దొరకలేదు.

ఎల్‌ఓపీ (లాస్ ఆఫ్ పే) అంటే సెలవులన్నీ అయిపోయాక తీసుకున్న సెలవు, ఆ రోజు జీతం కోస్తారు. ముప్ఫై రోజుల నెలలో అక్కకి ఒక్కరోజు ఖరీదు 2,733. సంక్రాంతికి రెండు రోజులు ఎక్కువ ఉండమని మీరు ఏడుస్తారే, అది గుర్తుపెట్టుకోండి.

నోటీస్ పీరియడ్ జిగురు. మానేస్తానని చెప్పాక కూడా అంటుకుని ఉండే 30 రోజులు, 60, కొన్నిచోట్ల 90. పనస కోసేవాడు చేతికీ కత్తికీ ముందే నూనె రాసుకుంటాడు చూడండి. ఇక్కడ నూనె అంటే మెయిల్. మేనేజరుకి నోటితో చెప్పిన రోజు లెక్కలోకి రాదు, రాజీనామా మెయిల్ పెట్టిన తేదీ నుంచే రోజులు నడుస్తాయి. మధ్యలో వదిలేసి పోతే మిగిలిన రోజుల జీతం పట్టుకుంటారు, రిలీవింగ్ లెటర్ ఆపుతారు. అది లేకపోతే తర్వాతి కంపెనీవాళ్ళు గుమ్మం దగ్గరే నిలబెడతారు.

చాలా ఉన్నాయి ఇంకా, అప్రైజల్, ప్రొబేషన్, పిప్. పిప్ సంగతి మీరు పెద్దయ్యాక.

ఈ ఆదివారం అక్క పక్కన కూర్చుని పీఎఫ్ పాస్‌బుక్ తెరిపించండి. మూడు గడులుంటాయి: ఉద్యోగి వాటా, కంపెనీ వాటా, పింఛను. అక్కకి ఇది మొదటి ఉద్యోగం, బేసిక్ 15,000 దాటింది. 2014 సెప్టెంబరు తర్వాత ఇలా చేరినవాళ్ళు పింఛను పథకంలోకి రారు. కాబట్టి మొదటి రెండు గడుల్లో 6,000, 6,000, మూడోదాంట్లో సున్నా ఉండాలి. కంపెనీ వాటా 4,750, పింఛను 1,250 అని కనిపిస్తే ఎవరో అలవాటుగా నింపేశారన్నమాట. సోమవారమే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టమనండి, నాకూ ఫోన్ చెయ్యండి.

వచ్చేటప్పుడు బ్రిడ్జి దగ్గర కాయ కొనుక్కురండి. గింజలు పారెయ్యకుండా మీ నాయనమ్మకి ఇవ్వండి.

మీ
తాతయ్య